ఏథెన్సు నగరపు అగోరా – ఒక పేట మారిన తీరు

నగరముల చరిత్రలు సాధారణముగా రాజుల చరిత్రలుగానే వ్రాయబడుచున్నవి. ఎవడు కోట గట్టించెను, ఎవడు దానిని ముట్టడించెను, ఎవని తరువాత ఎవడు సింహాసనమెక్కెను అను సంగతులు పుస్తకముల నిండ నుండును. కాని నగరములోని యొక పేట ఎట్లు పుట్టెను, అందెవరు కాపురముండిరి, వారి బావు లెక్కడ నుండెను, వారి యిండ్లు పోయి కచేరీలు ఎట్లు వచ్చెను, కచేరీలు పోయి మరల ఇండ్లు ఎట్లు వెలసెను అను విషయములు కావ్యములలోను దొరకవు, రాజశాసనములలోను దొరకవు. వానిని మట్టియే చెప్పవలెను. మట్టి చేత మాటలాడించు విద్యకే పురావస్తు శాస్త్రమని పేరు.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గము వారు కోరగా, ఆ విద్య మిక్కిలి శ్రద్ధతో ప్రయోగింపబడిన యొక పేటను గూర్చి చెప్పుట ఉచితమని తోచినది. అది గ్రీసు దేశమున ఏథెన్సు నగరములోని అగోరా యను స్థలము. అగోరా యనగా జనులు కూడు చోటు. సంత, సభాస్థలి, న్యాయస్థానము, దేవాలయ ప్రాంగణము ఈ నాలుగును ఒకచోట చేరినచో ఎట్లుండునో అట్టి ప్రదేశము. సోక్రటీసు ప్రతిదినము తిరుగాడి యువకులతో వాదములాడిన దిచ్చటనే. ఆ పేటయందు ఒక గ్రంథాలయము కూడ ఉండెననుట మన సంచికకు మరింత సమీపమైన విషయము. దాని సంగతి ముందు చెప్పెదను.

మట్టి ఎట్లు మాటలాడును?

మన ప్రాంతపు రైతులకు పాటిదిబ్బ యననేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఎప్పుడో ఊరు ఉండి పాడైన చోట ఇండ్ల గోడలు కరగి, పెంటపోగులు క్రుళ్లి, బూడిద చేరి, దిబ్బయై నిలుచును. ఆ పాటిమన్ను పొలమునకు బలమని బండ్ల కెత్తి తోలుదురు. తోలునప్పుడు చిల్లపెంకులు, పూసలు, అప్పుడప్పుడు ఒక పాత కాసు బయటపడుచుండును. పురావస్తు శాస్త్రజ్ఞుడును ఆ దిబ్బనే త్రవ్వును. కాని ఒక భేదము గలదు. అతడు పొర తరువాత పొరను తీయును. ఏ పొరలో ఏ పెంకు దొరికినదో వ్రాసికొనును. అడుగు పొర ముందటిది, పై పొర వెనుకటిది. కుండల రూపములు కాలమును బట్టి మారుచుండును గనుక పెంకు తేదీ చెప్పును. కాసుమీద రాజు ముద్ర యున్నచో అది ఇంకను స్పష్టముగా చెప్పును. ఈ వ్రాత లేనిచో దొరికిన వస్తువు బంగారమైనను చరిత్రకు కొరగాదు. జమా ఖర్చులలో తేదీ లేని పద్దు వంటిది.

అగోరా త్రవ్వకములలో అన్నిటికంటె ఎక్కువగా సాక్ష్యమిచ్చినవి బావులు. బావి యున్న చోట మనుష్యులుందురు. వాడుకలో నున్నంతకాలము చేద తెగి జారిన కుండలు అడుగున పడుచుండును. ఇల్లు విడిచి పోయినప్పుడు, లేక ఇల్లు పడగొట్టినప్పుడు, బావిని చెత్తతో పూడ్చెదరు. ఆ చెత్తయే పూడ్చిన కాలమును చెప్పును. కావున బావి యొక్క అడుగుభాగము ఇంటి జీవితమునకు, పైభాగము ఇంటి మరణమునకు పత్రముల వంటివి.

శ్మశానము, కుమ్మరి వాడ

ఆక్రొపొలిస్ యను కొండకు వాయవ్య దిక్కున పల్లపు నేల గలదు. ఉత్తరమున ఎరిడానస్ అను చిన్న వాగు పారును. పడమట కొలొనస్ అను మిట్ట. ఆ కొండ వాలున నూతన శిలాయుగము నాటి బావులే దొరికినవి. క్రీస్తునకు పూర్వము రెండవ సహస్రాబ్దిలో ఈ పల్లమంతయు ప్రధానముగా శ్మశానము. రాతిలో గుహలవలె తొలిచిన సమాధులు, వానిలో సంపన్నుల సామగ్రి బయల్పడినవి.

తరువాతి యుగమున, అనగా క్రీ. పూ. 1000 ప్రాంతము మొదలు, సమాధులతో పాటు బావులును కనబడును. క్రీ. పూ. 850 ప్రాంతమునాటి యొక స్త్రీ సమాధి 1967లో దొరికినది. శవమును దహించి అస్థికలను కుండలో నుంచిరి. బంగారు కర్ణాభరణములు, మట్టి పెట్టె యొకటి అందుండెను. ఆ పెట్టె మూతపై అయిదు గాదెల బొమ్మలు వరుసగా నిలిపి యున్నవి. గాదెలు నిండిన ఇల్లే కలిగిన ఇల్లని ఆ కాలపు వారును తలచిరి కాబోలు! 2004లో ఆ అస్థికలను మరల పరీక్షింపగా అందు పసికూన ఎముకలు కూడ గలవని తేలినది. ఆ యిల్లాలు గర్భవతిగానో, ప్రసవ సమయముననో మరణించినదని పండితులు నిర్ణయించిరి. ఇరువది ఎనిమిది వందల యేండ్లనాటి యింటి దుఃఖమును మట్టి దాచియుంచి, అడిగినవారికి చెప్పినది.

ఈ కాలపు బావులను ఇండ్ల బావులని మొదట తలచిరి. కాని అందు దొరికిన పెంకులలో కుమ్మరి ఆవమున పాడైన కుండలు, వేడిని పరీక్షించుటకు కుమ్మరులు వాడిన తునకలు అధికముగా నున్నవని తరువాతి పరిశోధకులు చూపిరి. కావున ఆ పేట కుమ్మరుల వాడయై యుండుననియు, నగరపు తొలి సభాస్థలి వేరొకచోట నుండెననియు వారి వాదము. గ్రీకు భాషలో ఈ ప్రాంతమునకు కెరమైకస్ అనియే పేరు. అది కుమ్మరి వృత్తిని సూచించు పేరు. ఊరి పేర్లు, వాడల పేర్లు వట్టి మాటలు కావని దీనివలన తెలియుచున్నది.

హద్దురాళ్లు నాటిన కాలము

క్రీ. పూ. ఆరవ శతాబ్దమున ఈ పేటలో గొప్ప మార్పు వచ్చినది. బావులు ఒక్కొక్కటిగా పూడ్చబడినవి. ఇండ్లు, పనిశాలలు తొలగింపబడినవి. నేల చదును చేయబడినది. ప్రభుత్వము ఆ స్థలమును అందరి స్థలముగా చేసినది. క్రీ. పూ. 522లో, పిసిస్ట్రాటస్ అను పాలకుని మనుమడు, తాత పేరే గలవాడు, పన్నిద్దరు దేవతల పేర ఇచ్చట బలిపీఠము కట్టించెను. నగరము నుండి దూరములను లెక్కించుటకు ఈ పీఠమే మొదలు. ఆ కాలమున అది ఏథెన్సునకు మైలురాయి సున్న.

క్రీ. పూ. 508 ప్రాంతమున క్లీస్థనీస్ అను నాయకుడు ప్రజాపాలన పద్ధతిని స్థాపించెను. ప్రజలు పది తెగలుగా విభజింపబడిరి. తెగకు ఏబది మంది చొప్పున అయిదువందల మందితో సభ యేర్పడెను. సభకు మందిరము కట్టబడెను. అప్పుడే, క్రీ. పూ. 500 ప్రాంతమున, పేట మూలలందు హద్దురాళ్లు నాటబడినవి. రాతి మాటలాడుచున్నట్లు, తాను అగోరాకు హద్దునని వానిపై చెక్కియున్నది. లెక్కలు వ్రాసి బ్రదుకు వాడనగుటచే నాకు ఏథెన్సు పాలరాతి దేవాలయముల కంటె ఈ రాళ్లే ఎక్కువ ఆకర్షకముగా తోచినవి. పంచలోని భూమి ఎవరిదను తగవు ఏ దేశమందైనను ఒక్కటియే. హద్దురాయి యున్నచోట బలవంతుడు కూడ ఆగి చూడవలసి యుండును. రెండువేల అయిదువందల యేండ్ల తరువాత ఆ రాళ్లలో కొన్ని నాటిన చోటనే నిలిచి దొరికినవి!

అట్టి యొక హద్దురాతి ప్రక్కనే చిన్న ఇల్లొకటి బయల్పడినది. నేలపై చెప్పులకు కొట్టు ఇనుప మేకులు, త్రాళ్లు దూర్చుటకు ఎముకతో చేసిన చిన్న వలయములు చెదరి పడియుండెను. సమీపమున ఒక పానపాత్ర అడుగు దొరికినది. దానిపై సైమను అను పేరు గలదు. సోక్రటీసు సైమను అను చెప్పులుకుట్టువాని అంగడికి వచ్చి కూర్చుండి మాటలాడుచుండెడి వాడనియు, ఆ మాటలను సైమను వ్రాసికొనెననియు ప్రాచీన గ్రంథమొకటి చెప్పుచున్నది. గ్రంథము చెప్పిన మనుష్యుని మట్టి చూపినట్లయినది. తత్త్వవిచారము చెప్పుల యంగడిలో జరిగినదనుట ఆ నగరమునకు తక్కువతనము కాదు, గౌరవమే.

దస్తరములు, కొలతలు, ఓట్లు

క్రీ. పూ. 480, 479 సంవత్సరములలో పారసీక సైన్యము ఏథెన్సును పట్టి తగులబెట్టెను. తిరిగివచ్చిన పౌరులు పగిలిన వంటపాత్రలను, కాలిన ఇటుకలను తమ బావులలో పోసి పూడ్చిరి. ఒకే కాలమున పూడిన అట్టి బావులు అనేకములు దొరికినవి. ఒక యుద్ధము గృహస్థునకు ఎంత నష్టము కలిగించునో ఆ బావులను బట్టి లెక్క వేయవచ్చును.

పిదప శతాబ్దమున ఈ పేట వైభవశిఖర మెక్కినది. పడమటి ప్రక్క థోలస్ అను గుండ్రని కట్టడము లేచినది. సభలోని ఏబదిమంది సభ్యులు వంతుల చొప్పున అందు భుజించుచు, కొందరు రాత్రి కూడ అచ్చటనే పరుండుచు, నగరపు వ్యవహారములకు కావలియుండిరి. ప్రభుత్వపు తూనికరాళ్లు, కొలపాత్రలు అచ్చట భద్రపరచెడి వారు. అంగడివాడు మానికను కురుచ చేసెనని అనుమానము కలిగినచో ఆ సరికొలతతో పోల్చి చూచుటకు వీలుండెను. క్రీ. పూ. అయిదవ శతాబ్దాంతమున క్రొత్త సభామందిరము కట్టి, పాత మందిరమును మెట్రోఅన్ అను పేర దస్తరఖానాగా మార్చిరి. శాసనములు, లెక్కలు, తీర్మానములు అందుంచబడెడివి. దానికెదుట నున్న వీరుల విగ్రహపీఠమే ప్రకటనల పలక. రాబోవు శాసనముల ముసాయిదాలు అచ్చట వ్రేలాడగట్టగా పౌరులు చదువుకొనెడి వారు.

న్యాయస్థానముల సామగ్రియు దొరికినది. న్యాయనిర్ణేతలు వేయు కంచు బిళ్లలు కొన్నిటి నడుమ బోలు ఇరుసు, కొన్నిటి నడుమ గట్టి ఇరుసు ఉండును. వ్రేళ్లతో ఇరుసు కొనలు మూసి వేయుటచే ఎవ రెటు వేసిరో పరులకు తెలియదు. ఇదియే రహస్యపు ఓటు. వాదించువానికి కాలమితి చూపుటకు మట్టితో చేసిన జలఘటికా యంత్ర మొకటి బావిలో దొరికినది. మన గడియకుడుక నీటిపై తేలుచు నిండి మునుగును. వారి యంత్రమున పై కుండలోని నీరు క్రింది కుండలోనికి కారిపోవును. ఆ కుండ ఖాళీ యగుటకు సుమారు 6 నిమిషములు పట్టును. అనగా మన గడియలో నాలుగవ వంతు. అంతలో తన మాట ముగింపని వక్తను నీరే ఆపివేయును. నేటి సభలకు ఇట్టి కుండ యొకటి తెప్పించుకొనిన మేలేమో!

ప్రజాపాలన గుణమునకే గాక దోషమునకును మట్టి సాక్ష్యమిచ్చినది. నగరమునకు ప్రమాదకారియని తోచిన వానిని కుండపెంకుపై పేరు వ్రాసి పది సంవత్సరములు వెలివేయు ఆచారము వారికి గలదు. అగోరాలోను ఇతర స్థలములలోను అట్టి పెంకులు వేలకొలదిగా దొరికినవి. ఆక్రొపొలిస్ ఉత్తరపు వాలున ఒక బావిలో థెమిస్టొక్లీస్ పేరు గల 190 పెంకులు దొరికినవి. వాని చేవ్రాలును పరిశీలింపగా అవి యన్నియు సుమారు 14 మంది చేతులతో వ్రాయబడినట్లు తేలినది. ప్రత్యర్థులు ముందే వ్రాసి పంచుటకు సిద్ధపరచుకొని, మిగిలినవానిని బావిలో పడవైచిరని ఊహ. పౌరుని మనసులోని మాట కావలసిన ఓటును మరియొకడు వ్రాసి చేతిలో పెట్టుట నిన్న నేడు పుట్టిన విద్య కాదన్నమాట. క్రీ. పూ. 399లో సోక్రటీసుపై నేరము మోపబడిన వసారామందిరము కూడ ఈ పేటలోనిదే. దాని పునాదులు 1970లో బయల్పడినవి.

బయలు నిండిన విధము

తరువాత ఏథెన్సు స్వాతంత్ర్యము కోల్పోయినను దాని విద్యాకీర్తి పోలేదు. అందు చదివిన పరదేశపు రాజులు దానికి కానుకలిచ్చిరి. పెర్గమము నేలిన రెండవ అట్టాలస్, క్రీ. పూ. 159–138 నడుమ, తూర్పుదిక్కున స్తంభముల వసారాతో రెండంతస్తుల అంగళ్ల వరుస కట్టించెను. పొడవు సుమారు 115 మీటర్లు. అంతస్తునకు 21 చొప్పున 42 అంగళ్లు. ఎండ వానలు సోకక బేరమాడుకొనుటకు, నిలిచి మాటలాడుకొనుటకు అనువైన కట్టడము.

క్రీ. పూ. 86లో రోమక సేనాని సుల్లా నగరమును కొల్లగొట్టెను. పిమ్మట అగస్టస్ చక్రవర్తి కాలమున విచిత్రమైన మార్పు కలిగెను. అంతవరకు బయలుగా నుంచబడిన పేట నడిబొడ్డున, క్రీ. పూ. 15 ప్రాంతమున, చక్రవర్తి అల్లుడగు అగ్రిప్పా పెద్ద సంగీతశాల నిర్మించెను. దాని సమీపముననే, పల్లెటూరిలోని పాత దేవాలయమొకటి రాయి రాయిగా విప్పితెచ్చి యుద్ధదేవత పేర మరల నిలుపబడెను. మరల కూర్చుటకై రాళ్లపై శిల్పులు వేసిన గుర్తులక్షరములు నేటికిని కనబడుచున్నవి. పూర్వము పౌరులు గుంపుగూడి తీర్పు చెప్పిన బయలిది. ఇప్పుడు తీర్పులు రోము నుండి వచ్చుచున్నవి. ప్రజలు కూడవలసిన పని తగ్గినప్పుడు కూడు చోటు నిండిపోవుట సహజమే యని పండితులు కొందరందురు. కట్టడములు అందమైనవే కావచ్చును. కాని ఒక ఊరి బయలు నింపబడినప్పుడు, నింపినదానిని మాత్రమే గాక పోయినదానిని కూడ లెక్కలో వ్రాయవలెను.

పాంటైనస్ గ్రంథాలయము

ఇక మనకు ముఖ్యమైన ఘట్టము. క్రీ. శ. 100 ప్రాంతమున టైటస్ ఫ్లేవియస్ పాంటైనస్ అను పౌరుడు అట్టాలస్ వసారాకు దక్షిణముగా ఒక గ్రంథాలయము కట్టించెను. అతని తండ్రి తత్త్వశాస్త్ర పాఠశాలకు అధిపతి. పాంటైనస్ తన్ను కళాదేవతల యర్చకునిగా చెప్పుకొనెను. బయటి వసారాలు, నడుమ ముంగిలి చుట్టు స్తంభముల వరుస, పుస్తకములతో కూడిన గ్రంథాలయము, అందలి సమస్త అలంకారములు, ఇవి యన్నియు తన సొంత ద్రవ్యముతో, తన కుమారుడు కుమార్తెలతో కూడి, అథీనా దేవికిని, ట్రాజన్ చక్రవర్తికిని, ఏథెన్సు నగరమునకును సమర్పించినట్లు ద్వారము పై రాతిమీద శాసనము చెక్కించెను. దానము చేసినవాని పేరు ప్రక్కన కుమార్తె పేరు కూడ చెక్కబడుట గమనింపదగిన విషయము.

అంతకంటె మనకు ముచ్చట గొలుపునది మరియొక చిన్న రాతిపలక. అది గ్రంథాలయపు నిబంధన. పుస్తకము దేనిని బయటకు తీసికొనిపోరాదనియు, అట్లు తాము ప్రమాణము చేసితిమనియు, సూర్యోదయము మొదలు ఆరవ గంట వరకు, అనగా మధ్యాహ్నము వరకు, గ్రంథాలయము తెరచియుండుననియు అందున్నది. పందొమ్మిది శతాబ్దముల క్రిందటి గ్రంథపాలకుని బాధయు మన గ్రంథపాలకుని బాధయు ఒక్కటియే! ఆనాడు పుస్తకములు పపైరస్ చుట్టలు. ఒక్కొక్కటి చేతితో వ్రాయబడినది. ఒకటి పోయిన మరల రాదు. మన గ్రంథాలయమున ఇంటికి పుస్తకమిచ్చు సౌకర్యము గలదు. అది మనకు ముద్రణ యంత్రము చేసిన ఉపకారము. ఆ ఉపకారమును మరచి పుస్తకము నెలలకొలది అట్టిపెట్టుకొను చందాదారులు పాంటైనస్ పలకను ఒకసారి తలచుకొందురు గాక.

ఆ గ్రంథాలయమునకు నూటడెబ్బది యేండ్లు నిండకమునుపే చేటు మూడినది. క్రీ. శ. 267లో హెరూలులను ఉత్తరదేశపు జాతి ఏథెన్సుపై పడి కాల్చివేసెను. కాలిన నగరమున మిగిలిన జనులు తొందరతొందరగా ఒక ప్రాకారము కట్టుకొనిరి. గోడలోని కాసులను బట్టి అది క్రీ. శ. 280 ప్రాంతమునాటిదని తేలినది. రాయి ఎక్కడిది? చుట్టునున్న శిథిలములే గనులైనవి. స్తంభములు, విగ్రహపీఠములు, శాసనములు అన్నియు గోడలోనికి పోయినవి. పాంటైనస్ దానశాసనము చెక్కిన ద్వారపురాయి కూడ ఆ గోడలోనికే పోయినది. ఆ పుస్తకములలో ఒక్క చుట్టయు మిగులలేదు. కాని ప్రాణభయముతో గోడకట్టిన వారు రాతిని గోడలో దూర్చుటచేతనే దాత పేరు మనవరకు వచ్చినది! సున్నపు బట్టీలో పడియున్నచో అదియు లేకపోవును. ప్రాకారము మాత్రము పాత సభాస్థలిని లోపల చేర్చుకొనలేదు. వేయేండ్ల నగరహృదయము నగరమునకు వెలియైనది.

ఇట్టి కథ మన కృష్ణాతీరమునను నడచినది. అమరావతి మహాస్తూపపు చలువరాతి పలకలు పదునెనిమిదవ శతాబ్దాంతమున కట్టడపు రాళ్లుగా త్రవ్వబడుచుండగా 1797 ప్రాంతమున మెకంజీ దొర చూచి, పిమ్మట చిత్రములు వ్రాయించెను. మిగిలిన పలకలు నేడు కొన్ని లండనున, కొన్ని చెన్నపట్టణమున నున్నవి. పూర్వుల ధనము తెలియనివారికి రాయియే, తెలిసినవారికి పుస్తకము.

మరల ఇండ్లు

నాలుగైదు శతాబ్దములలో ఏథెన్సు మరల కొంత తేరుకొన్నది. అగ్రిప్పా సంగీతశాల శిథిలములపై విశాలమైన భవనము లేచినది. కొండవాలున గొప్ప యిండ్లు కట్టబడినవి. అవి తత్త్వశాస్త్ర గురువుల నివాసములై యుండవచ్చునని ఊహింపబడుచున్నది. క్రీ. శ. 529లో జస్టీనియను చక్రవర్తి ఆ విద్యాలయములను మూయించెను. ఆ యిండ్లలో ఒకదాని బావులలో చక్కని శిల్పములు భద్రముగా దింపబడి దొరికినవి. అదే యింటిలో అథీనా విగ్రహమొకటి బోర్లా పరువబడి మెట్టురాయిగా వాడబడినది. ఒకే యింటి మట్టిలో ఒకరి భక్తియు మరియొకరి యుపేక్షయు ప్రక్కప్రక్కన కనబడుచున్నవి.

ఆరవ శతాబ్దాంతపు దండయాత్రల తరువాత పేట పాడుబడెను. కొండలనుండి కొట్టుకొనివచ్చిన ఒండ్రు మట్టి శతాబ్దములపాటు పేరుకొని దేవాలయములను, హద్దురాళ్లను కప్పివేసెను. పడమటి మిట్టపై నున్న హెఫాయిస్టస్ దేవాలయము మాత్రము క్రైస్తవుల చర్చిగా మార్చబడుటచే పైకప్పుతో సహా నిలిచినది. వాడుకలో నున్న ఇల్లే నిలుచుననుట కిదియే దృష్టాంతము. పదవ శతాబ్దము నుండి జనులు మరల వచ్చి ఒండ్రుపై ఇండ్లు కట్టుకొనిరి. ధాన్యము, నూనె నిలువచేయు పెద్ద జాడీలు నేలలో పాతుకొనిరి. క్రీ. శ. 1000 ప్రాంతమున అపోస్తలుల చర్చి వెలసెను. ఫ్రాంకులు, తురకలు, వెనీసువారు వచ్చిరి, పోయిరి. 1821లో మొదలైన స్వాతంత్ర్య యుద్ధమున ఆ యిండ్లు మరల నేలమట్టమయ్యెను. 1834లో ఏథెన్సు స్వతంత్ర గ్రీసునకు రాజధాని కాగా మరల క్రొత్త పేట కట్టబడెను. దానికి వ్రిసాకి అని పేరు. చిన్న ఊట యని అర్థము. 1891లో వేసిన రైలుమార్గము పేట ఉత్తరభాగమును కోసికొనిపోయి, పన్నిద్దరు దేవతల పీఠమును చాలవరకు తన క్రింద దాచుకొన్నది.

త్రవ్వినవారు, తొలగినవారు

1931 మే నెలలో అమెరికా వారి ప్రాచీన విద్యాపీఠము ఇచ్చట త్రవ్వకములు ప్రారంభించెను. లెస్లీ షియర్ పండితుడు నాయకుడు. రాక్‌ఫెల్లరు ధనసహాయము చేసెను. కాని త్రవ్వవలెనన్న ముందు వ్రిసాకి పేట పోవలెను. మూడువందలకు పైబడిన యిండ్లు కొనబడి కూల్చబడినవి. పేటలోని చర్చియు పోయినది. వేలకొలది జనులు పరిహారము తీసికొని వేరు పేటలకు తరలిరి. వారు రాజులు కారు, తత్త్వవేత్తలు కారు. అంగడివారు, పనివారు, వృద్ధులు. రెండువేల అయిదువందల యేండ్ల క్రిందటి చెప్పులుకుట్టువాని యింటిని వెదకుటకై, నాటి చెప్పులుకుట్టువాడు తన యిల్లు విడువవలసి వచ్చినది.

ఇది న్యాయమా? ఈ ప్రశ్న మనకు దూరపు ప్రశ్న కాదు. 1954–60 సంవత్సరములలో నాగార్జునకొండ లోయలోని ఇక్ష్వాకుల విజయపురి త్వరత్వరగా త్రవ్వబడినది. సాగరము నిండుటకు ముందు ముఖ్యమైన కట్టడములు కొండపైకి చేర్చబడినవి. లోయలోని పల్లెలవారు తరలిపోయిరి. అచ్చట నీటికొరకు, ఇచ్చట విద్యకొరకు. ప్రయోజనము గొప్పదే. నేనును దానిని కాదనను. ఆ త్రవ్వకము లేనిచో హద్దురాయి లేదు, సైమను లేడు, పాంటైనస్ పలక లేదు. ఏడువేలకు మించిన శాసనములు, డెబ్బదివేలకు మించిన కాసులు మానవజాతికి లభించి యుండవు. కాని లాభము లోకమునకు, నష్టము కొందరికి కలిగినప్పుడు ఆ కొందరి పద్దు చెరిపివేయుట అన్యాయము. నష్టపరిహారము రూపాయలతో తీరును, పద్దు మాత్రము వ్రాతతోనే తీరును.

ఈ విషయమున అగోరా పండితులు మెచ్చదగిన పని చేసిరి. కూల్చుటకు ముందు ఇండ్లకు ఛాయాచిత్రములు తీసి భద్రపరచిరి. ఆ చిత్రములు, యజమానుల వివరములు క్రోడీకరింపబడి వ్రిసాకి పేట చరిత్రగా 2020లో గ్రంథరూపమున వెలువడినవి. పురాతన నగరమును వెదకినవారు తాము పోగొట్టిన పేటకు కూడ చరిత్ర వ్రాయింపక తప్పదని తెలిసికొనిరి. అట్టాలస్ వసారా 1953–56 నడుమ పూర్వపు పునాదులపైననే మరల కట్టబడి వస్తుప్రదర్శనశాల అయినది. అపోస్తలుల చర్చి పునరుద్ధరింపబడి పేట నడుమ నిలిచియున్నది. ఆ ప్రక్కన రైలుబండి నడచుచునే యున్నది.

మన మేమి చేయవలెను?

ఈ కథ వలన మూడు విషయములు తేటపడుచున్నవి. మొదటిది, ఏ స్థలమును ఏ యొక్క కాలమువారికిని సొంతము కాదు. శ్మశానము, కుమ్మరివాడ, సభాస్థలి, గ్రంథాలయము, కోటగోడ, చర్చి, కాపురపు పేట, ఇవి యన్నియు ఆ నేలకు సత్యములే. ఒక్క పొరయే అసలుదని తక్కినవానిని తుడిచివేయువాడు చరిత్రను చదువుట లేదు, తనకు కావలసిన పుటనే చదువుకొనుచున్నాడు. రెండవది, ఘనమైనవే మిగులునని నమ్మరాదు. పుస్తకములు పోయి నిబంధనల పలక మిగిలినది. దేవతాపీఠము మరుగుపడి చెప్పుల మేకులు మిగిలినవి. మూడవది, వ్రాసిపెట్టినదే నిలుచును.

కావున రజతోత్సవ సమయమున గ్రంథాలయ సభ్యులకు ఒక మనవి. గొట్టపు బావులు వచ్చిన పిదప మన యూళ్లలో చేదబావులు పూడిపోవుచున్నవి. బావితో పాటు దానిని త్రవ్వించిన వారి పేరును పూడిపోవుచున్నది. పొలముల పేర్లు సర్వే నంబర్ల వెనుక మరుగుపడుచున్నవి. మన గ్రంథాలయమున ఒక చిట్టా యుంచి, ఏ వీథిలో ఏ బావి యుండెను, ఏ చేనికి ఏ పేరు, ఏ రాతిపై ఏ అక్షరములు గలవు, ఏ వాడవారు ఎప్పుడు వచ్చిరి, ఎప్పుడు పోయిరి అను సంగతులు పెద్దలను అడిగి వ్రాయింపవలెను. అన్ని వాడలవారి సంగతులును అందుండవలెను. ఏ యొక్క పొరయు విడువరాదు. యువకులు నలుగురు పూనుకొనిన నిది ఒక యేడాది పని. విద్వాంసులక్కరలేదు. చెవియు, ఓపికయు, కలమును చాలును.

పాంటైనస్ గ్రంథాలయమునకు నూటడెబ్బది యేండ్ల ఆయుష్షైనను పూర్తిగా చెల్లలేదు. మనదానికి ఇరువదియైదు నిండినవి. మన పుస్తకములు చేతులు మారుచు, చదువబడుచు, మరల తమ యర చేరుచు, మనుమల మనుమల వరకు నిలుచునుగాక. మన గ్రంథాలయము శతమానోత్సవము జరుపుకొను నాటికి, దానిని చదువువారు మన యూరి పొరలను మట్టి త్రవ్వక మునుపే పుస్తకమున చూడగలుగుదురు గాక.

శుభం భూయాత్.